మేడం చెప్పని కోర్సు

మా అమ్మాయి ఒరియానా ఆ ఏడు మార్చిలో పశువుల డాక్టర్ అవుతానంది. ఏప్రిల్‌లో లాయర్. మే నెలంతా ఫిజియోథెరపీ, నెలాఖరుకు మళ్ళీ పశువులు. జూన్‌లో ఒకరోజు నేను ఉల్లిపాయలు తరుగుతుంటే వంటింట్లోకి వచ్చి, "అమ్మా, సినిమా ఎడిటింగ్ చదివితే ఎలా ఉంటుంది?" అని అడిగింది. కత్తి పక్కన పెట్టేశాను. అది ఆ క్షణంలో నా చేతిలో ఉండటం మంచిది కాదనిపించింది.

మా ఊరు రొసారియోలో సర్కారు యూనివర్సిటీకి ఫీజు లేదు. స్కూలు పూర్తిచేసి పేరు రాయించుకుంటే చాలు, ఏ కోర్సులోనైనా కూర్చోవచ్చు. ఎంత అదృష్టమో అంటారు. ఇంట్లో పదిహేడేళ్ళ పిల్ల ఉన్నవాళ్ళను అడిగితే తెలుస్తుంది ఆ అదృష్టం సంగతి.

ఆదివారం మధ్యాహ్నం భోజనం మా అత్తగారు నెలిదా ఇంట్లో. ఆవిడ చేసే రవియోలీకి వంక పెట్టలేం, ఆవిడ ఇచ్చే సలహాలకు అంతు ఉండదు.

"నోటరీ అవ్వవే తల్లీ. కుర్చీలో కూర్చుని సంతకం పెడితే అయిపోతుంది. కాళ్ళ నొప్పులుండవు."

"కంప్యూటర్లు చదవమను," అనేవాడు మా ఆయన రూబెన్. అతనికి టైర్ల షాపుంది. "నా దగ్గరికి కొత్త కార్లేసుకొచ్చేవాళ్ళంతా వాళ్ళే."

నేనొక పళ్ళ డాక్టర్ దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తాను. మా డాక్టరమ్మ వేసవిలో ఎన్ని వారాలు సముద్రం దగ్గర గడుపుతుందో నాకు తెలుసు. అందుకని నేను దంతవైద్యం అనేదాన్ని.

ఒరియానా ముగ్గురికీ ఒకటే జవాబు చెప్పేది. "అవును, అదీ బాగానే ఉంటుంది."

ఇక లాభం లేదని, మా క్లినిక్‌కి వచ్చే ఒకావిడ చెబితే, చదువుల సలహాలిచ్చే రెబోరా మేడం దగ్గర టైము తీసుకున్నాను. ఆవిడ సైకాలజీ చదివి, ఇరవై ఏళ్ళకు పైగా ఇదే పనిలో ఉందట. ఎక్స్‌రే తీసి ఫలానా పన్ను పుచ్చిందని చెప్పినట్టు, పిల్లను నాలుగు ప్రశ్నలడిగి ఫలానా కోర్సని చెబుతుంది, నా పీడా విరగడవుతుంది అనుకున్నాను.

జూలైలో వెళ్ళాం, మాకది చలికాలం. మేడంది పొట్టి జుట్టు, మెడలో కళ్ళద్దాలు, బల్ల మీద వేడినీళ్ళ ఫ్లాస్కు. మా ఇద్దరికీ మాతే ఆకుల టీ అందించి, "ఎందుకొచ్చావు, ఒరియానా?" అని అడిగింది.

"అమ్మ తీసుకొచ్చింది."

"మీరెందుకొచ్చారు, విల్మా?"

"ఇది తేల్చుకోలేకపోతోంది. మీరు తేల్చండి."

"నేను తేల్చనండీ."

"మరేం చేస్తారు?"

"అడుగుతాను."

"అడగడానికి మా ఇంట్లో మనుషుల కొరత లేదు మేడం," అన్నాను. ఆవిడ నవ్వి, నన్ను బయట కూర్చోమంది.

ఆ తర్వాత ప్రతి గురువారం ఒరియానా ఒక్కతే వెళ్ళేది. తిరిగి రాగానే నేను తలుపు దగ్గరే పట్టుకునేదాన్ని.

"ఏం చెప్పింది?"

"ఏం చెప్పలేదు. ఇల్లు గీయమంది."

"ఇల్లా! మరి క్రితం వారం?"

"మనిషిని గీయమంది."

రూబెన్ సోఫాలోంచి అరిచాడు. "వచ్చేవారం టైరు గీసివ్వు. నాకేం డిగ్రీ వస్తుందో కనుక్కుంటాను."

సెప్టెంబర్‌లో మేడం ఇంటిల్లిపాదినీ రమ్మంది. నెలిదా మంచి కోటు వేసుకుని మరీ వచ్చింది. ఇప్పుడైనా ఫలితం చెబుతుందని అందరం కుర్చీల అంచుల మీద కూర్చున్నాం.

"ఒరియానా ఒప్పుకుంది కాబట్టి చెబుతున్నాను," అంది మేడం. "పక్కింటావిడ కుక్కకు జబ్బుచేస్తే, ఆవిడ అన్నదని పశువులు. నాన్న నడుం పట్టేస్తే ఫిజియోథెరపీ. స్నేహితురాలు లా అంటే లా. చివరగా ఎవరు మాట్లాడితే వాళ్ళ మాటే ఈ పిల్ల నోట్లో ఉంటోంది. తన మాట తనకే వినబడటం లేదు. అందుకని ఒక నెలపాటు ఇంట్లో ఎవరూ చదువుల ఊసెత్తకండి. ఈలోగా తను యూనివర్సిటీకి వెళ్ళి, నచ్చిన క్లాసుల్లో వెనక కూర్చుని వింటుంది. ఎక్కడికెళ్ళిందో మీరు అడగకూడదు."

"నోర్మూసుకోమని చెప్పడానికా తల్లీ నిన్ను పెట్టుకున్నది?" అంది నెలిదా.

"అవునండీ," అంది మేడం.

ఆ నెల మేం పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. ఆదివారం బల్ల దగ్గర ఫోర్కుల చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. ఉండబట్టలేక నెలిదా మొదలుపెట్టేది.

"మూల మీద నోటరీ ఆఫీసులో ఆవిడుందే, ఎంత కుదురుగా ఉంటుందనీ..."

"నోనా!" అని నానమ్మను కసిరేది ఒరియానా.

"కుదురుగా ఉంటుందన్నాను. చదువుకుందన్నానా?"

రూబెన్ ఒకసారి కొత్త కారు మాట ఎత్తబోయాడు. బల్ల కింద కాలు తొక్కాను. ఇక నా సంగతి చెప్పనే అక్కర్లేదు. క్లినిక్ నుంచి ఇంటికి రాగానే దంతవైద్యం మాట నోటిదాకా వచ్చేది, మింగేదాన్ని.

ఒక రోజు ఒరియానా బూట్ల నిండా బురదతో వచ్చింది. ఇంకోరోజు ఏడుస్తూ వచ్చింది.

"ఏమైందే?"

"బోర్డు మీద రాసింది ఒక్క ముక్క అర్థం కాలేదు. పక్కవాళ్ళందరూ తలలూపుతున్నారు."

అయితే వదిలెయ్ అనే మాట నాలుక చివర దాకా వచ్చింది. "మిలానేసా వేడి చేశాను. తిను," అన్నాను. తిన్నది. మరుసటి వారం మళ్ళీ బురద బూట్లతో వచ్చింది.

నెల గడిచాక మేడం దగ్గరికి నేనూ ఒరియానా వెళ్ళాం.

"లా క్లాసు బాగుంది," అంది ఒరియానా. "సినిమా క్లాసు ఇంకా బాగుంది, తెగ నవ్వించారు. ఒక్కోసారే వెళ్ళాను."

"మరి మళ్ళీ మళ్ళీ వెళ్ళింది ఎక్కడికి?" అని అడిగింది మేడం.

"భూముల సర్వే క్లాసుకి. అక్కడే ఏమీ అర్థం కాలేదు."

"అర్థం కాకపోతే ఎందుకెళ్ళావే?" అన్నాను. నెల రోజుల ఉపవాసం అక్కడితో విరిగింది.

ఒరియానా నా వైపు తిరిగింది. "ఒకసారి ఆ క్లాసువాళ్ళతోపాటు ఊరి చివరికి వెళ్ళానమ్మా. రెండిళ్ళ మధ్య ఒక చెట్ల పొదల స్థలం. అది నాదంటే నాదని ఇద్దరు ముసలాళ్ళు ఏళ్ళ తరబడి కొట్టుకుంటున్నారు. ప్రొఫెసరూ పిల్లలూ మూడుకాళ్ళ స్టాండు పెట్టి సాయంత్రం దాకా కొలిచారు. చివరికి అది ఇద్దరిదీ కాదు, మునిసిపాలిటీదని తేలింది. ముసలాళ్ళిద్దరూ ఒకటైపోయి మమ్మల్ని తిట్టారు. ప్రొఫెసర్ టోపీ తీసి, మళ్ళీ కొలుస్తాం చూసుకోండి అన్నాడు. కొలిచాడు. గీత అక్కడే ఉంది." వేలితో బల్ల మీద ఒక గీత గీసి, "ఎవరెంత అరిచినా అక్కడే ఉంది. ఆ గీత ఎలా లెక్కకట్టాలో నాకు రావాలి," అంది.

దాని గొంతులో అలాంటి పట్టుదల నేనెప్పుడూ వినలేదు. అయినా కోపం ఆగలేదు. మేడం మీద పడ్డాను.

"సర్వేయరా? మీరే చెప్పారా?"

"నేను చెప్పలేదు."

"చెప్పాల్సింది! రేపు చెడితే తిట్టడానికైనా ఒక మనిషి ఉండేది. అది నచ్చకపోతే?"

"మారుతుంది."

"మళ్ళీనా!"

"ఈసారి మారితే తనంతట తను మారుతుంది విల్మా," అంది మేడం, ఫ్లాస్కు మూత బిగిస్తూ.

ఆ ఆదివారం ఒరియానాయే చెప్పింది. నెలిదా గరిటె గాల్లోనే ఆగిపోయింది.

"ఎండలో, దోమల్లో, మూడుకాళ్ళది మోసుకుంటూ ఊళ్ళు తిరుగుతావా? నోటరీ అయితే చల్లగా కూర్చోవచ్చు కదే!"

"లేదు నోనా. అది నాకొద్దు."

నెలిదా కొడుకు వైపు తిరిగి, "విన్నావా? నాకు ఎదురు చెప్పిందిరా," అంది. రూబెన్ నవ్వాపుకోలేక రొట్టె ముక్క నోట్లో కుక్కుకున్నాడు. ఆవిడ అలిగి, మనవరాలి పళ్ళెంలో మాత్రం మామూలుకన్నా రెండు గరిటెలు ఎక్కువే వడ్డించింది.

మరుసటి మార్చిలో క్లాసులు మొదలయ్యాయి. ఏడాది చివర లెక్కల పరీక్ష తప్పింది. ఇంటికొచ్చి సంచీ కింద పడేసి, "పోయింది. ఫిబ్రవరిలో మళ్ళీ రాస్తాను," అంది.

"అంటే వేసవంతా ఇంట్లో ఈ మొహమే చూడాలా?"

"చూడాలి."

"ఫ్యాను దగ్గర కూర్చో. మాతేకి నీళ్ళు కాస్తాను," అన్నాను.

ఆ జనవరి ఎండల్లో ఊరంతా నది ఒడ్డున పడుంటే, మా భోజనాల బల్ల నిండా త్రిభుజాలు గీసిన కాగితాలే, పళ్ళెం పెట్టే చోటుండేది కాదు. మోకాళ్ళ మీద పెట్టుకుని తిన్నాం. రూబెన్ గొణిగాడు, నేను అరిచాను, అది తలెత్తలేదు. ఫిబ్రవరిలో బొటాబొటి మార్కులతో గట్టెక్కింది.