పారాయణం ఆపిన శనివారం

"మీరే! ఖలదూన్‌ని గుంటలో పారేసింది ఆ కాంట్రాక్టరు ఒక్కడే కాదు, మీరే! మీ కప్పు కారకూడదు, మీ సబ్బాతు చెడకూడదు, దానికోసం మనిషి చచ్చినా ఫరవాలేదు! సిగ్గు లేదూ?"

హెమ్దా మేడమీది ఆడవాళ్ళ వరసలోంచి దిగొచ్చి, ధర్మశాస్త్రపు చుట్ట విప్పబోతున్న బల్లకు అడ్డంగా నిలబడింది. అన్యాయం జరిగితే శనివారం పారాయణం ఆపి న్యాయం అడగొచ్చునన్నది తాతలనాటి హక్కు. యెరూషలేములోని ఆ చిన్న ప్రార్థనా మందిరంలో దాన్ని ఎవరూ వాడి ఎరగరు. మందిరం గురువు రబ్బీ యెదీద్యా మాత్రం ఆ హక్కు గురించి ఊరూరా ఉపన్యాసాలిచ్చాడు.

"అమ్మా హెమ్దా, పారాయణం కానీ," అన్నాడు మందిరం పెద్ద గెర్షోన్. "నీ గోడు తర్వాత వింటాం. అందరిళ్ళలోనూ నిన్నటినుంచి పొయ్యిమీదున్న కూర మాడిపోతోంది."

"మాడనీ! నీ బొజ్జకి ఒక్కపూట సెలవివ్వు. పాపం, అదీ అలిసిపోయింది."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. రబ్బీ నవ్వలేదు. ఖలదూన్ పేరు వినగానే ఆయన తల వంగిపోయింది.

నిన్న శుక్రవారం సాయంత్రం మందిరం కప్పుమీద రేకులు బిగిస్తూ అరబ్బు కూలీ ఖలదూన్ జారిపడ్డాడు. కిందనుంచి "కానీ, కానీ, దీపాల వేళవుతోంది" అని తరిమింది రబ్బీయే. కాంట్రాక్టరు మనిషిని వ్యానులో పడేసి "ఆస్పత్రికి" అన్నాడు. ఏ ఆస్పత్రి అని రబ్బీ అడగలేదు. వెంట వెళ్తే దారిలోనే పొద్దుగూకి సబ్బాతు వచ్చేస్తుంది, ఇక శనివారం చీకటిపడేదాకా బండెక్కకూడదు, ఏ పనీ ముట్టకూడదు మరి! ఇంటికెళ్ళి స్నానం చేసి తెల్లచొక్కా తొడుక్కున్నాడు. అరబ్బుల ఆలివ్ తోటల్లో బుల్డోజర్లకు అడ్డం పడుకున్న రబ్బీ ఈయనే. పత్రికల్లో ఫోటోలు పడ్డ రబ్బీ ఈయనే. తన మందిరం కప్పుమీంచి పడ్డవాడి వెంట నాలుగడుగులు వెయ్యలేకపోయాడు.

హెమ్దా ఆస్పత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ దిగి, నిద్ర కూడా పోకుండా వచ్చింది.

"తెల్లారకముందే వాళ్ళన్న మా ఆస్పత్రి గేటు దగ్గరికొచ్చాడు. 'మా తమ్ముడు ఇక్కడ చేరాడా' అని. అన్నిచోట్లకీ ఫోన్ చేశాను. ఎక్కడా చేరలేదు. పర్మిట్ లేని మనిషి కదా, పేరు రాయిస్తే తన మెడకి చుట్టుకుంటుందని ఆ కాంట్రాక్టరు చెక్‌పోస్టు పక్కన గుంటలో దించేసి పోయాడు. అన్న వెతికి పట్టుకుని క్వారీ దగ్గర గుడిసెలో పడుకోబెట్టి, మళ్ళీ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. కడుపు రాయిలా బిగుసుకుపోయిందట. మూత్రంలో నెత్తురట. మధ్యాహ్నందాకా ఉంటాడో లేదో."

"అంబులెన్సుని పిలవకపోయావా?" అన్నాడు గెర్షోన్.

"పిలుస్తానంటే వాళ్ళన్న నా కాళ్ళు పట్టుకున్నాడు. దాని వెనకే పోలీసులొస్తారు, జైల్లో పడేస్తారని. రబ్బీ పక్కనుంటే చెయ్యి వెయ్యరట. రబ్బీ వస్తేనే గుడిసె చూపిస్తానని క్వారీ మలుపులో నిలబడ్డాడు." ఆమె గొంతు తగ్గింది. "మిమ్మల్ని నమ్మాడండీ రబ్బీ."

గెర్షోన్ లేచి, శాలువా సర్దుకుని, ఎంతో మర్యాదగా అడిగాడు.

"రబ్బీ, సబ్బాతునాడు కారు తియ్యొచ్చా? ధర్మం ఏమంటుంది? పోనీ, అరబ్బు డ్రైవరెవణ్ణైనా పిలిపిద్దామా, మన చెయ్యి పడకుండా?"

చాలామంది తలలూపారు. "ప్రాణం పోతుందని తేలాలి కదా ముందు," అన్నారింకెవరో.

రబ్బీ మొహం కాలిపోయింది. ప్రాణం మీదికొస్తే, వచ్చిందన్న అనుమానమున్నా, సబ్బాతును పక్కన పెట్టి తీరాలి. అప్పుడు కూర్చుని అడిగేవాడు నెత్తురు చిందించినవాడితో సమానమన్నారు పెద్దలు. అడిగించుకునే రబ్బీకి ఇంకా సిగ్గుచేటన్నారు, తన జనానికి ముందే నేర్పనందుకు. ఇరవై రెండేళ్ళుగా ఈ బెంచీలకు ప్రపంచంలోని అన్యాయాలన్నీ చెప్పాడు. వీళ్ళు ఇంకా అడుగుతున్నారు. వాళ్ళ మొహాల్లో కపటమన్నా లేదు, అదే ఆయన్ని మరీ కుంగదీసింది.

"ఏ ఆస్పత్రి అని నిన్న నేను అడగలేదు," అన్నాడు. "తరిమి పడేసింది నేను. పడ్డాక వదిలేసింది నేను."

"మీరేం చేస్తారు రబ్బీ, వేళ అలాంటిది..."

"నోర్ముయ్ గెర్షోన్! నన్ను వెనకేసుకు రాకు."

శాలువా తీసి బల్లమీద పడేశాడు.

"అరబ్బు డ్రైవరు వద్దు. ఇలాంటప్పుడు ధర్మం చెప్పేవాడే సబ్బాతు మీరాలి, చూసినవాళ్ళు ఇక జన్మలో అడక్కుండా ఉండాలి. కారు నేనే నడుపుతాను. గెర్షోన్, నీ ఇల్లు దగ్గర, నీ కారు తాళాలు పట్రా. హెమ్దా, ఫోన్ తియ్యమ్మా. అంబులెన్సుని క్వారీ మలుపుకి రమ్మను, నా పేరు చెప్పు. మిగతావాళ్ళు పోయి కాంట్రాక్టరు గుమ్మంలో కూర్చోండి. వాడు చేసింది పోలీసుల ముందు ఒప్పుకునేదాకా లేవకండి. ఖలదూన్ ఆస్పత్రి మంచం ఎక్కేదాకా ఈ మందిరంలో ఒక్క అక్షరం చదవడానికి వీల్లేదు. ఇంకా చూస్తారేం? లేవండి!"