ఆఖరి పేరా

పూర్ణిమ ఉగ్గానికి నానబెట్టిన బొరుగులు పిండుతుండగా వరండాలోంచి భర్త మనోహర్ గొంతు వినిపించింది. "ఈ ఆఖరి పేరా ఎవరు రాయమన్నారు?"

మనోహర్ హిందూపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాడు. ఆ రోజు ధర్మవరం సెమినార్లో, ఏ దేశపు ఆరోగ్య బీమా పద్ధతికి ఎంత ఖర్చవుతోందో పోలుస్తూ వ్యాసం చదవాలి. ఆ వ్యాసం రాసింది పూర్ణిమ. ఒకప్పుడు ఆమె కూడా అదే పాఠం చెప్పేది. "ఇంట్లో ఊరికే ఉంటావు గదా, కాస్త చూసిపెట్టు" అన్నాడు. వంటకీ అంట్లకీ అత్తగారి మందులకీ మధ్య దొరికిన కాసేపట్లో చదివింది. బ్రిటన్‌లో పన్నుల డబ్బుతోనే వైద్యం నడుస్తుంది. జర్మనీలో ఉద్యోగీ యజమానీ చెరికొంత కడతారు. జపాన్‌లో బిల్లులో సుమారు మూడో వంతు రోగి పెట్టుకుంటే మిగతాది బీమా చూసుకుంటుంది. అమెరికా అందరికన్నా ఎక్కువ ఖర్చుపెట్టి కూడా ఎందరినో బయటే వదిలేస్తుంది. ఇదంతా రాస్తూ రాస్తూ ఆమెకో అనుమానం వచ్చింది. ఆసుపత్రివాళ్లు ఇంటికి పంపేశాక ఆ మనిషిని ఎత్తి కూర్చోబెట్టేదెవరు? మలమూత్రాలు ఎత్తేదెవరు? తుంటి ఎముక విరిగి అత్త అన్నపూర్ణమ్మ మంచం పట్టినప్పుడు ఏడాదిపాటు ఆ పని తానే చేసింది. ఉద్యోగం మానేసిందీ అప్పుడే. ఆ ఏడాది ఏ దేశపు పట్టికలోనూ ఎందుకు లేదు? మనోహర్ కోరిన ముగింపు "మన దేశానికి కుటుంబమే ఆరోగ్య బీమా" అని. దాని కింద ఆమె చేర్చింది: "ఆ బీమాకు ప్రీమియం కడుతున్నది ఇంటి ఆడవాళ్లు. వాళ్ల చాకిరీకి కూలి కట్టకుండా మన వైద్యం చవక అనడానికి లేదు."

మనోహర్ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. "మా అమ్మకు చేసినదానికి కూలి అడుగుతాండావా?"

"అడగలేదు. లెక్కలో లేదని రాసినా. తప్పుంటే చూపించు."

ఆ చివరి మాటకే దెబ్బ పడింది. జుట్టు పట్టి ముఖాన్ని వంటగట్టుకేసి కొట్టాడు. పెదవి చిట్లి రక్తం ఉప్పగా నోట్లోకి దిగింది. గట్టు పట్టుకుని లేవబోతే అతని చూపు ఆ చేతి మీద పడింది. వ్యాసం రాసిన చెయ్యి. మణికట్టు పట్టి వెనక్కి విరిచాడు. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది. అయినా వదలకుండా ఇంకోసారి తిప్పాడు. ఆమె అరిచిన అరుపుకు పక్కింట్లో టీవీ శబ్దం పెంచారు. అన్నపూర్ణమ్మ చేతికర్రతో గుమ్మందాకా వచ్చి, అక్కడే నిలబడిపోయింది.

మనోహర్ సింకులో చేతులు కడుక్కున్నాడు. మరక పడిన చొక్కా విప్పి "నానబెట్టు" అని కింద పడేశాడు. ఆఖరి కాగితం చించేశాడు. "పెనుకొండలో ప్రిన్సిపాల్‌ను ఎక్కించుకోవల్ల, ఆలస్యమాయె" అంటూ కారెక్కి వెళ్లిపోయాడు.

మామ అశ్వత్థనారాయణ పొద్దున్నే చింతపండు మండీకి పోయాడు. అన్నపూర్ణమ్మే ఆటో పిలిపించింది. దారిలో, డ్రైవరుకు వినపడకుండా చెప్పింది. "బాత్రూంలో జారిపడితినని చెప్పు పూర్ణిమా. నేనూ అట్లే చెప్తి."

"మీరా? ఎప్పుడు?"

"తుంటి ఇరిగినప్పుడు. మీ మామ తోసినాడు. మనోహరు ఆడనే ఉండె."

పూర్ణిమకు కాసేపు చేతి నొప్పి తెలియలేదు. ఆ ఏడాదంతా తను బాత్రూం నేలను బ్రష్షుతో రుద్దుతూనే ఉంది. "నువ్వు పాచి పట్టనిచ్చినందుకే మా అమ్మకు ఈ గతి పట్టింది" అని మనోహర్ అంటే నమ్మింది. ఆ తప్పు దిద్దుకోవడానికే ఉద్యోగం మానేసింది. తండ్రి విరిచిన ఎముకకు కొడుకు తనను దోషిని చేశాడు. ఇందాక పచ్చిమిరపకాయలు తరిగిన కత్తి ఎడమచేతికి అందేంత దూరంలోనే ఉండింది. అందుకోవలసింది అనుకుంది. అతని మెడలో దిగితే ఎలా ఉండేదో ఊహించుకుంది. ఆ ఊహకు భయం వేయకపోవడమే ఆమెకు ఆశ్చర్యమనిపించింది.

ఎముకల ఆసుపత్రి కౌంటర్లో మోహన్ అనే కుర్రాడు ఆమె పెదవి చూసి గొంతు తగ్గించాడు. "ఇన్సూరెన్సు సారు పేరుమీద ఉండాది మేడమ్. జారిపడినారంటే సులువు. కొట్టినారంటే పోలీసులొస్తారు, క్లెయిము యాడ నిలబడిపోతాదో చెప్పలేం."

"నిలబడిపోనీలే," అంది పూర్ణిమ.

లోపల డాక్టర్ ఉషశ్రీ వాచిన చేతి గాజులు కత్తిరిస్తూ ఎలా జరిగిందని అడిగింది. అన్నపూర్ణమ్మ నోరు తెరిచింది. "బాత్రూంలో..."

"కాదు డాక్టర్. నా మొగుడు విరిచినాడు. ముందు ముఖం పగలగొట్టి, తర్వాత చెయ్యి."

డాక్టర్ అత్తగారి వైపు తిరిగింది. "నిజమేనామ్మా?"

అన్నపూర్ణమ్మ చేతికర్రను గోడకు ఆనించింది. "నా కడుపున పుట్టినోడే," అంది. "నిజమే. నేను చూసినా."

కట్టు ఆరేలోపు కానిస్టేబుల్ హనుమక్క వచ్చింది. "కేసు పెడతావా తల్లీ? రేపు పెద్దమనుషులు మాట్లాడినారని ఎనక్కి తీసుకుంటే నేనేం చేయలేను."

"పెడతా. తీసుకోను."

"ఇప్పుడు యాడుండాడు ఆయప్ప?"

పూర్ణిమ గోడ గడియారం వైపు చూసింది. "ధర్మవరంలో. ఏ దేశంలో మనిషికి వైద్యం చవకో చెప్తాండాడు."