మోత ఆగినప్పుడు

సినిమా మొదలైనప్పుడు సత్యశ్రీ తలలు లెక్కపెట్టింది. ఇరవై రెండు. అరగంట తరవాత లెక్కపెడితే పదహారు. వాటిలో ఒకటి ఆమె భర్త దేవీప్రసాద్‌ది. అది స్విచ్‌బోర్డు పక్కన గోడకు ఆనుకుని హాయిగా నిద్రపోతోంది.

విశాఖ మద్దిలపాలెంలో ఒక చిన్న లైబ్రరీ మేడమీద హాలు అది. నెలకో ఆదివారం పొద్దున ఫిలిం క్లబ్బు అక్కడ సినిమా వేస్తుంది. కాలేజీ రోజుల నుంచీ ఆ క్లబ్బు బరువు సత్యశ్రీ భుజాల మీదే ఉంది. కిందటి నెల సినిమా అయ్యేసరికి ఆరుగురు మిగిలారు. లైబ్రరీ కార్యదర్శి సన్యాసిరాజు గారు అప్పుడే చెప్పేశారు.

"ఈపాలి ఆఖరి దాకా పదిమంది ఉండాలమ్మా. నేదంటే హాలు యోగా క్లాసోలకి ఇచ్చీడమే. నిద్రపోయినోలు లెక్కలోకి రారు, ముందే సెప్తన్నాను."

ఈ నెల వంతు క్లబ్బులోని ఉమామహేష్ తీసిన 'ఉప్పు నక్షత్రం'ది. మూడేళ్ళు తీశాడు. అంతరిక్ష నౌకంటే ఒక పాత గోదాము గది, ఒక కిటికీ. అందులో ఒక్కడే మనిషి. తింటాడు, పడుకుంటాడు, కిటికీలోంచి తెల్లటి చుక్కను చూస్తాడు. వెనకాల ఏదో యంత్రం గుయ్యిమంటూనే ఉంటుంది. రెండు గంటలు అంతే.

సత్యశ్రీకి ఇది నాలుగోసారి. నౌకలో మనిషి అటూ ఇటూ వెళ్ళినప్పుడల్లా దాని గోడను, ఆవు వీపు తట్టినట్టు ఒకసారి తడతాడు. మొదటిసారి చూసినప్పుడు ఆ చెయ్యి ఆమె కంటపడనేలేదు. రెండోసారి పడింది. అప్పటి నుంచి ఆ చేతికోసమే చూస్తోంది. కానీ ఆ సంగతి పదహారు మందికి ఎలా చెప్పడం?

"ఏలియన్లు ఎప్పుడొత్తారమ్మా?" అని వెనక వరసలోంచి సూర్యకాంతమ్మ గారు అడిగారు. సత్యశ్రీ వాళ్ళ ఇంటి ఓనరు ఆవిడ. లెక్క కోసం సత్యశ్రీయే బతిమాలి తీసుకొచ్చింది.

"రారండి."

"అయితే మరి ఆడెవులికోసం సూత్తన్నాడు?"

ముందు వరసలో ఉమామహేష్ మెడ ఇంకాస్త భుజాల్లోకి పోయింది.

మరో ఇద్దరు చెప్పులు వెతుక్కున్నారు. సత్యశ్రీకి కాళ్ళు లాగుతున్నాయి. పొద్దున్నే కుర్చీలు వేసింది, ప్రొజెక్టరు మోసింది, యాభై మందికి ఫోన్లు చేసింది. ఇన్నేళ్ళుగా ఇదే పని. ఇచ్చేద్దాం యోగా వాళ్ళకి, పీడా పోతుంది అనుకుంది. అనుకుని మొగుడి వైపు చూసింది.

దేవీప్రసాద్ అచ్యుతాపురంలో సీసా మూతలు చేసే ఫ్యాక్టరీలో ఆపరేటరు. వారమంతా రాత్రి షిఫ్టు. పొద్దున ఏడున్నరకు కంపెనీ బస్సు దిగి, రెండు ఇడ్లీలు తిని, "నీ సినిమా కదా, సూస్తాను" అని బయల్దేరాడు. పెళ్ళయి యాభై రోజులు. ఆమె కొన్న నీలం చొక్కా వేసుకున్నాడు. నిద్రమత్తులో ఒక గుండీ పక్క కాజాలోకి పోయింది. ఆ గుండీని చూస్తే అంత నీరసంలోనూ ఆమెకు నవ్వొచ్చింది. సరిచేయకుండా అలాగే ఉంచేసింది.

గంటన్నర అయ్యేసరికి తలలు తొమ్మిది. నిద్రపోతున్న తలను తీసేస్తే ఎనిమిది. సన్యాసిరాజు గారు తాళాలగుత్తి పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

అప్పుడే సినిమాలో మోత ఆగిపోయింది.

సత్యశ్రీకి నాలుగుసార్లయినా అర్థంకాని చోటు అది. నాలుగు నిమిషాలు చప్పుడే ఉండదు. ఎందుకని అడిగితే ఉమామహేష్ "అలాగే అనిపించింది" అంటాడు.

"సౌండు పోనాది!" అంటూ సన్యాసిరాజు గారు స్పీకరు దగ్గరికెళ్ళి రెండు దెబ్బలు కొట్టారు.

గోడవార కుర్చీ దభేలున పడింది. దేవీప్రసాద్ కళ్ళు తెరవకుండానే లేచాడు.

"లైన్ ఆగిపోనాది!" అని అరచి, ఫ్యాక్టరీలో అయితే గోడ మీద ఎర్ర అలారం బటన్ ఉండే చోట అరచేత్తో బలంగా కొట్టాడు. అక్కడున్నది స్విచ్‌బోర్డు. లైట్లన్నీ వెలిగాయి. ఫ్యాన్లు తిరిగాయి.

హాలంతా నవ్వింది. సత్యశ్రీ సిగ్గుతో చచ్చిపోతూ తెర వైపు తిరిగి, అలాగే ఆగిపోయింది. వెలిసిపోయిన తెర మీద ఆ మనిషి కూడా నిద్రలోంచి లేచి, గోడకు అరచెయ్యి ఆనించి వింటున్నాడు. ఇక్కడొకడు, అక్కడొకడు. అదే నిలబడడం. నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి.

దేవీప్రసాద్ కళ్ళు నులుముకుని తెరను చూశాడు.

"ఆడికి తెలిసిపోనాది," అన్నాడు.

"ఏటి తెలిసిపోనాది, బాబూ?" అన్నారు సూర్యకాంతమ్మ గారు.

"మోత ఉన్నంతసేపూ తోడున్నట్టే ఉంటాదండి. నిద్ర పట్టెస్తాది. ఆగితేనే మెలకువొచ్చెస్తాది. ఇప్పుడాడు నిజంగా ఒక్కడైపోనాడు."

ఉమామహేష్ వెనక్కి తిరిగి అతన్నే చూస్తున్నాడు. దేవీప్రసాద్ లైట్లు ఆపాడు. మిగతా సినిమా నిలబడే చూశాడు.

సినిమా అయ్యాక సన్యాసిరాజు గారు లెక్కపెట్టారు. "కూకున్నోలు ఎనిమిది. నిలబడినోడు ఒకడు. తొమ్మిదేనమ్మా."

"మీతో పదండీ," అంది సత్యశ్రీ.

"నాను సినిమా సూళ్ళేదు. సౌండు సూస్తన్నాను."

"అరగంట సేపా?"

ఆయన తాళాలగుత్తి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు.

"ముప్పై ఏళ్ళు స్టీల్‌ప్లాంట్ రోలింగు మిల్లులో సేసేనమ్మా. రిటైరైన కొత్తలో నిశ్శబ్దానికి నిద్దరట్టేది కాదు. మా ఇంటిది పాత టేబుల్ ఫ్యానొకటి తలగడ కాడ ఎట్టేది, మోత కోసం," అన్నారు. తరవాత దేవీప్రసాద్ వైపు వేలు చూపించారు. "పదే అనుకో. ఇంకో నెల ఇస్తన్నాను. ఈపాలి ఇతగాడు నిద్రపోతే ఒప్పుకోను."

గాజువాక బస్సెక్కగానే దేవీప్రసాద్ ఆమె భుజం మీద పడి నిద్రపోయాడు. భుజం తిమ్మిరెక్కినా సత్యశ్రీ కదల్లేదు. వచ్చే నెల మళ్ళీ కుర్చీలు, మళ్ళీ ఫోన్లు. తలుచుకుంటేనే ఒళ్ళు బరువెక్కింది. బస్సు గుయ్యిమంటూ పోతోంది.

ఎన్ఏడీ కూడలి దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. డ్రైవరు తాళం మీద చెయ్యి వేశాడు.

"అన్నయ్యా, ఇంజిన్ ఆపకండి!"

బస్సులో అందరూ ఆమెను చూశారు.

"ఏటమ్మా?"

"ఈయన లేచిపోతారు," అంది సత్యశ్రీ, నెమ్మదిగా.

డ్రైవరు అద్దంలోంచి ఒకసారి వెనక్కి చూసి, తాళం మీంచి చెయ్యి తీసేశాడు.