నక్షత్రం గుర్తు పెట్టిన వరసలు

ఆఫీసు భోజనాల బల్ల దగ్గర, ఏ కంప్యూటర్ భాష గొప్పదని రోజూ జరిగే పోట్లాట ఆరోజూ జరుగుతోంది.

"మీ జావాలో హలో అనాలన్నా ముందు తాతముత్తాతల పేర్లన్నీ అప్పజెప్పాలి!"

"మీ పైతాన్ మాత్రం? ఒక్క ఖాళీ ఎక్కువైతే కొత్తల్లుడిలా అలిగి కూర్చుంటుంది."

"రెండూ దండగే. రస్ట్ నేర్చుకోండి. తప్పు చేయనివ్వదు."

"మా అత్తగారూ అంతే. అందుకే ఇంటికెళ్ళబుద్ధి కాదు."

అందరూ నవ్వారు. పక్క బల్ల దగ్గర ఒక్కడే తింటున్న కోబాల్ బాబాయ్ కూడా నవ్వాడు. ఇరవై రెండేళ్లుగా కోబాల్ అనే పాత భాషలోని ప్రోగ్రామును చూసుకుంటున్నది అతనొక్కడే. ఆ భాషలో జోకు వేస్తే నవ్వేవాళ్ళు లేరు.

అందుకే జోకులన్నీ ప్రోగ్రాములోనే రాసుకునేవాడు. వరస మొదట్లో నక్షత్రం గుర్తు పెడితే యంత్రం ఆ వరసను దాటేస్తుంది. అది మనిషి కోసం మనిషి రాసే చోటు. ఒకసారి తన పాత మాటే చదివితే ఎవరో అన్నట్టనిపించింది. కింద జవాబు రాశాడు. మర్నాడు దానికి ఇంకో జవాబు. అలా అలవాటైపోయింది.

మధ్యాహ్నం టీమ్ లీడ్ కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంది. ఆ ప్రోగ్రామును జావాలోకి తిరగరాస్తున్నది ఆవిడే.

"బాబాయ్‌గారూ, ఆ నక్షత్రం వరసలు చదివి పడీ పడీ నవ్వాననుకోండి. 'ఈ చుక్క తీయకు. తీసి చూశాను, మూడ్రోజులు ఇంటికెళ్ళలేదు.' దాని కింద ఇంకొకాయన, 'వెళ్తే మాత్రం తలుపు తీసేదెవరు?' అని! మధ్యలో కసురుకునే ఆయన వేరే. భలే టీమండీ మీది. ముగ్గురా, నలుగురా?"

అతను తెర మీద ఆ వరసలు పైకి జరిపాడు.

"ఇవన్నీ కొత్తదాంట్లోకి తెచ్చేద్దాం. కాకపోతే రాసినవాళ్ళ పేరుండాలి, అది రూలు. పేరు లేనివి సాయంత్రం పోతాయి. ఏది ఎవరిదో మీకే కదా తెలుసు."

మూడు కల్పిత పేర్లు అప్పటికప్పుడే తట్టాయి. వాళ్ళలో ఒకాయన దగ్గు కూడా వినిపించింది. కానీ ఆ పేర్లు పెడితే ఇరవై రెండేళ్ల మాటలూ లేని మనుషుల పాలవుతాయి. పెట్టకపోతే ఎవరివీ కాకుండా పోతాయి.

మొదటి వరస పక్కన తన పేరు కొట్టాడు. రెండోదాని పక్కన అదే. మూడోదాని పక్కనా అదే.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "కసురుకునే ఆయన కూడా... మీరేనా?"

"నేనేనమ్మా. ఎంత చెప్పినా వినడు."

ఆవిడ తెర మీద మిగిలిన వరసల వంక చూసింది.

"మీ పని చూసుకోండమ్మా. దీనికి టైము పడుతుంది."

ఆవిడ కుర్చీ చప్పుడు కాకుండా జరిపి వెళ్ళిపోయింది.

అతను ఒక్కొక్కటే చదివి పేరు రాస్తూ పోయాడు. ఒకచోట మాత్రం, ఎంత చదివినా తను అన్న మాటలా లేదు. వేళ్లు ఆగాయి. ఎవరన్నారో గుర్తు తెచ్చుకోవడానికి చాలాసేపు ప్రయత్నించి, చివరికి అక్కడా తన పేరే రాశాడు.