డ్రమ్ములో బ్రాందీ మూతలు

మా గేటు పక్కన మేం నీలం డ్రమ్ము పెట్టింది మేరమ్మ కుర్చీ కోసం. బస్టాండు దగ్గర ఉడికించిన గుడ్లు అమ్మే మేరమ్మకు కాళ్ళు పనిచేయవు. భర్త అంతోనయ్య రోజూ ఆవిడను రిక్షాలోకి ఎత్తి, అక్కడ దించి, పొద్దుగూకాక మళ్ళీ తీసుకొస్తాడు. అతని నడుం పట్టేసిన రోజున బేరమూ లేదు, కూడూ లేదు. ప్లాస్టిక్ సీసా మూతలు గోతాలకొద్దీ పోగుచేసి ఇస్తే, వాటిని కరిగించే విజయవాడ కంపెనీ చక్రాల కుర్చీ ఇస్తుందని మా వీధిలో ఉండే లిడియా టీచరు కబురు తెచ్చింది. వీధంతా మూతలు తెచ్చి పోసింది.

ఆదివారం ఆడవాళ్ళం డ్రమ్ము బోర్లించి ఏరుతుంటే, నీళ్ళ సీసాల మూతల మధ్య వేరే మూతలు బయటపడ్డాయి.

"బ్రాందీవి," అన్నారు పూజారిగారి భార్య బాలాత్రిపురసుందరి, ఒకటి ముక్కు దగ్గర పెట్టుకుని.

"మీకెలా తెలుసు పిన్నిగారూ?" అన్నాను.

ఆవిడ మూత కింద పెట్టి చెయ్యి కొంగుకు తుడుచుకున్నారు.

తర్వాతి వారం ఇంకా ఎక్కువొచ్చాయి. దాంతో మా వీధి మొగుళ్ళు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునేలోపే నోరు తెరిచి చూపించవలసి వచ్చింది. మా ఆయన ఎ.కొండూరు క్యాంపు నుంచి సోంపు నములుతూ దిగారు. "అరగడానికి," అన్నారు. ఏం తిన్నారని నేనడగలేదు. అడిగితే జవాబు చెప్పేస్తారు. ఊరికే చూస్తుంటేనే కంగారుపడతారు.

చిక్కేమిటంటే, మూత వేస్తే ఎవరేమనుకుంటారోనని జనం వేయడమే మానేశారు. గోతాం సగంలో ఆగింది. కుర్చీ కూడా.

ఆ బ్రాందీ మూతలు వేసేదెవరో చూద్దామని ఒకరోజు తెల్లవారగానే ముగ్గుగిన్నెతో గేటు దగ్గర కాపు కాశాను. ముగ్గు ఎప్పుడూ లేనంత పెద్దదైంది. అప్పుడొచ్చింది అంతోనయ్య రిక్షా. మేరమ్మ అందులోంచే వంగి, డ్రమ్ములో ఒక సంచి దులిపింది. అన్నీ బ్రాందీ మూతలే.

"ఇవెక్కడివి మేరమ్మా?"

"నా గుడ్లు తినేదెవరనుకున్నారమ్మా, బస్సెక్కేవాళ్ళా? వెనకాల షాపులో తాగొచ్చేవాళ్ళే. మూత ఇస్తేనే ఉప్పూకారం చల్లుతానన్నా. నా కుర్చీకి నేను ఏరుకోకూడదా ఏంటి?"

ఆదివారం ఆవిడను రిక్షాతో సహా డ్రమ్ము దగ్గరికి రప్పించాం.

"మన వీధివాళ్ళెవరైనా వస్తారా అక్కడికి?" అని బాలాత్రిపురసుందరిగారే అడిగారు.

"వస్తారండి."

ఏరుతున్న చేతులన్నీ ఆగాయి.

"ఎవరు?"

"బేరాలొచ్చేవాళ్ళ పేర్లు చెప్పుకుంటామా అమ్మా? గుడ్లు అమ్ముకున్నంతకాలం నోరు మెదపను. కుర్చీ రాక ఇంట్లో కూలబడ్డాననుకోండి, పొద్దుపోక ఒక్కోటీ చెప్పుకుంటా కూర్చుంటా."

ఆ మాట ఆ పూట ప్రతి ఇంట్లో అన్నంతోపాటు వడ్డించాం. వారం తిరక్కుండా డ్రమ్ము పొంగిపొర్లింది. మోసుకొచ్చింది మగవాళ్ళే. చీటీ రాసిచ్చినా కరివేపాకు మర్చిపోయే మా ఆయన సంచెడు మూతలు తెచ్చారు, కడిగి ఆరబెట్టి మరీ.

"పాపం, మేరమ్మ," అన్నారు.

కుర్చీ వచ్చింది. మేరమ్మ ఇప్పుడు తనే చక్రాలు తిప్పుకుంటూ బేరానికి వెళ్తోంది. అన్న మాట ప్రకారం ఒక్క పేరూ చెప్పలేదు.

మా ఆయన సోంపు మానేశారు. నాకు అదే మరీ అనుమానంగా ఉంది.