నీళ్ళు ఇక్కడిదాకా వచ్చాయి

నేను ఒక ఇనప పలకను. పొట్ట మీద ఒక అడ్డగీత, దానిపైన ఫ్రెంచిలో ఒకే వాక్యం: 'నీళ్ళు ఇక్కడిదాకా వచ్చాయి.' నన్ను ఎక్కడ కొడితే అక్కడిదాకా వచ్చినట్టే లెక్క. గోడ మీద నా మాటకి తిరుగులేదు.

ఫ్రాన్సులో ఏదో కొలిమిలో పుట్టి, ఓడెక్కి, పుదుచ్చేరి మీదుగా యానాం చేరాను. గౌతమి నుంచి కోరింగ పాయ విడిపోయే చోటది. చుట్టూ తెలుగు నేల, మధ్యలో ఫ్రెంచి జెండా. ఒక తుపానుకి ఊళ్ళోకి వరదొచ్చింది. ఫ్రెంచివాళ్ళకో అలవాటుంది. ఏరు పొంగితే నీళ్ళు ఎక్కడ ఆగాయో అక్కడ గోడకు గుర్తు కొడతారు. ఒక దొర నన్ను రేవు గిడ్డంగి గోడకు మోకాలి ఎత్తున బిగించి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు జెండా కూడా వెళ్ళిపోయింది. చర్చి, పోలీసుల ఎర్రటోపీలు, నేను మిగిలాం.

గిడ్డంగి చేతులు మారి చివరికి చిక్కాల వీరభద్రం టిఫిన్ హోటలైంది. మీసాల వెంకన్న దర్శనానికి వచ్చినవాళ్ళూ, ఎదుర్లంక వంతెన దాటి చవగ్గా గొంతు తడుపుకోడానికి వచ్చినవాళ్ళూ అక్కడే పెసరట్టు తినేవారు. ఒకాయన నన్ను చూసి పెదవి విరిచాడు.

"ఇంతేనాండీ వరద? మా వీధిలో మురిక్కాలవ పొంగినా ఇంతొస్తుంది."

వీరభద్రం మొహం మాడిపోయింది. మర్నాటికి నేను నడుము ఎత్తుకి ఎక్కాను. ఆపై వేసవికి ఛాతీకి. చివరికి ద్వారబంధం మీదకి. జనం నా కింద నిలబడి, చేతులెత్తి, మునిగిపోతున్నట్టు ఫోటోలు దిగారు. పెసరట్లు తెగ అమ్ముడుపోయాయి.

ఎదురుగా ఎత్తరుగు మీద చేపలపులుసు హోటలు నడిపే పెమ్మాడి నూకరత్నం అంతా చూస్తూనే ఉంది.

"ఏం అన్నయ్యా, ఈ యేడు పాత వరద ఇంకాస్త పెరిగిందంటగా?"

"నీ పులుసు మాడుతోంది, చూసుకో చెల్లెమ్మా."

అప్పుడు దిగారు ఇంజనీరుగారు, వరద ముప్పున్న కట్టడాలు చూడ్డానికి. ద్వారబంధం మీద నన్ను చూసి ఆగిపోయారు. వీరభద్రం అలవాటుగా చేతులు తిప్పుతూ వరద కథ చెప్పాడు.

"ఇంత లోతు మునిగే చోట హోటలేంటండీ? ఖాళీ చేసెయ్యాలి."

ఆయన అటు భోజనానికి వెళ్ళగానే వీరభద్రం నిచ్చెనేసి నన్ను ఊడబీకాడు. కిందకి దిగేసరికి ఇంజనీరుగారు వెనకే ఉన్నారు. గోడ నిండా మేకు కన్నాలు, ఒకదానిపైన ఒకటి.

"వీటిల్లో అసలుదేదండీ?"

"అన్నిటికన్నా కిందిదండి."

"పొద్దున్న పైది చూపించి చేతులు తిప్పుతూ కథ చెప్పారు. ఇప్పుడు కిందిదంటారు. ఎలా నమ్మమంటారు?"

జన్మలో మొదటిసారి నా గురించి నిజం చెప్పాడు పాపం. అది చెల్లలేదు.

"వర్షాలు వెళ్ళాక తేలుద్దాం. అప్పటిదాకా హోటలు తియ్యకండి," అని నన్ను నూకరత్నానికి అప్పగించి వెళ్ళారాయన. ఆవిడ నన్ను తన గుమ్మానికి వేలాడదీసింది, అన్నయ్యకి బాగా కనపడేట్టు.

శ్రావణంలో గోదారికి ఎర్రని వరదనీరు వచ్చింది. గట్టు దాటి వీధిలోకి పాకింది. ఊరంతా గోదారమ్మని వెనక్కి వెళ్ళమని మొక్కుతుంటే, వీరభద్రం మూసిన తలుపు ముందు నిలబడి, "రా తల్లీ, కింది కన్నందాకా రా. అక్కడే ఆగు. దాటావో, నా హోటలు నీ పాలే," అని బతిమాలుకున్నాడు.

నీళ్ళు మడమలు ముంచాయి. పిక్కలెక్కాయి. కింది కన్నాన్ని తాకాయి. నేను చూస్తున్నాను, నూకరత్నం గరిటె పట్టుకుని చూస్తోంది. కాసేపు అక్కడే ఊగి, మెల్లగా దిగిపోయాయి.

గోడ మీది బురదచార చూసి ఇంజనీరుగారు ఒప్పుకున్నారు. "మోకాలి నీళ్ళే అయితే అరుగు ఎత్తు చేసుకోండి, చాలు."

"ఎత్తు పెంచడం మా అన్నయ్యకి బాగా అలవాటేలెండి," అంది నూకరత్నం.

నన్ను మాత్రం మళ్ళీ ఆ గోడకి ఇవ్వలేదు. ఊరి పాత వస్తువులు జనానికి చూపించే గదికి పంపి, భద్రంగా మేకులు కొట్టారు. ఆ గది రెండో అంతస్తులో ఉంది.

మొన్న ఒక జంట వచ్చింది. ఆవిడ నా కింద తెలుగులో రాసిపెట్టిన అర్థం చదివి, కిటికీలోంచి కిందకి తొంగిచూసి, భర్త చెయ్యి పట్టుకుంది.

"రెండో అంతస్తుదాకా వచ్చిందటండీ."

వాళ్ళని వెంటబెట్టుకొచ్చింది వీరభద్రమే. నిజం చెబుతాడేమోనని ఆశగా చూశాను. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"రండమ్మా, పెసరట్టు తిందురుగాని. ఎలా వచ్చిందో దారిలో చెబుతాను."