వదులు

ఆ డ్రైవరుకు ఇంట్లో పెట్టిన పేరు ఏదైనా, బయట అందరూ పిలిచేది కంగారనే. కూర్చోమంటే వెనక కుర్చీ ఉందో లేదో చూడకుండా కూర్చునే రకం. అయితే స్కూలు బస్సు స్టీరింగు పట్టుకున్నాక మాత్రం అతనంత నిదానస్తుడు ఇంకొకడు కనపడడు. అలాంటివాడు వారం రోజులుగా తిండి సహించక, కంటిమీద కునుకు లేక తిరుగుతున్నాడంటే ఆ బస్సే కారణం.

బ్రేకు తొక్కి పట్టినప్పుడల్లా ముందున్న మీటరులో గాలి ముల్లు కిందికి జారుతోంది. ఆ బస్సు ఆగేదే గాలి బలంతో. ట్యాంకులో గాలి అయిపోయాక పెడల్ తొక్కినా ఒకటే, తొక్కకపోయినా ఒకటే. స్కూలు గేటు ముందు రోడ్డంతా దిగుడు. వెనక పిల్లలు గోల చేస్తుంటే, అతను ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను ముల్లు మీద పెట్టుకుని ప్రాణాలు అరచేతిలో పట్టుకుని దిగుతున్నాడు. స్కూలు సూపర్‌వైజరుకు చెబితే, "హారన్ మోగుతోందిగా, మరింకేం?" అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఎన్నిసార్లని ఊదుతాడు? ఆదివారం పొద్దున్నే బస్సును బావ షెడ్డుకు తోలుకుపోయాడు.

బావ అంటే అక్క మొగుడు, మెకానిక్కు. బావమరిదిని చూడగానే నాలుక దురద పెట్టింది.

"ఏరా కంగారూ, గాలి పోయింది బస్సుకా, నీకా?"

"మా అక్కను నీకిచ్చిన రోజే నాకు పోయింది బావా. ముందు దీని సంగతి చూడు. రేపు పిల్లలెక్కాలి."

గాలికి రంగు లేదు, వాసన లేదు. అది పారిపోయే చోటు పట్టుకోవాలంటే సబ్బునీళ్ళే దిక్కు. గొట్టాల అతుకుల మీద నురుగు పూస్తే, లీకున్న చోట బుడగ పొంగుతుంది. కాలి బ్రేకు తొక్కి పట్టినప్పుడే కారే లీకు ఇది. అందుకని ఒకడు సీట్లో ఉండాలి, ఒకడు బస్సు కింద దూరాలి. చేతి బ్రేకు వేసి ఉంటే లీకు సరిగా తేలదని దాన్ని తీసేసి, షెడ్డు నేల వెనక్కి వాలుగా ఉంటుంది కాబట్టి వెనక చక్రానికి చెక్కదిమ్మ అడ్డం పెట్టారు.

"నేను చెప్పిందే చెయ్యి," అన్నాడు బావ కింద దూరుతూ. "తొక్కమంటే తొక్కు, వదలమంటే వదులు. మధ్యలో నీ తెలివి మాత్రం వాడకు."

ఎన్ని అతుకులు చూశాడో లెక్క లేదు. తొక్కు, వదులు, తొక్కు, వదులు. బకెట్టు ఖాళీ అయితే మళ్ళీ నింపుకున్నాడు. సబ్బునీళ్ళు వాలులో పారి చెక్కదిమ్మ కిందికి చేరుతున్న సంగతి ఇద్దరిలో ఒక్కడూ చూడలేదు. కాలు తిమ్మిరెక్కుతున్నా కంగారు పళ్ళబిగువున మాట కోసం చెవి రిక్కించి కూర్చున్నాడు.

చివరికి ఒకచోట కోడిగుడ్డంత బుడగ లేచింది. బావకు పట్టరాని సంతోషం.

"ఇదిగో, దొరికింది! నట్టు వదులు!"

ఆ కేకలో సీటుదాకా చేరింది చివరి మాట ఒక్కటే. కంగారు వదిలాడు.

చెక్కదిమ్మ సబ్బునీళ్ళ మీద జారింది. బస్సు ఎంతో కదల్లేదు, జానెడు వెనక్కి వెళ్ళిందేమో. కింద నుంచి వచ్చిన అరుపు విని అతను మళ్ళీ బలంకొద్దీ బ్రేకు తొక్కాడు. బస్సు ఆగింది. చక్రం బావ కుడిచేతి మీద ఆగింది.

"వదులు! ఒరేయ్, వదులు!"

ఇప్పుడు ఆ మాటకు రెండో అర్థం లేదు. అయినా కంగారు వదల్లేకపోయాడు. ఇందాక వదిలినందుకే కదా ఇంత జరిగిందని కాలు కొయ్యబారిపోయింది. బావ అరిచినకొద్దీ ఇంకా గట్టిగా తొక్కాడు. పక్క షెడ్డు టైర్లతను పరిగెత్తుకొచ్చి, అతని మోకాలు రెండు చేతులా పట్టి పైకి లాగేదాకా తొక్కుతూనే ఉన్నాడు.

సాయంత్రం ఆసుపత్రి వరండాలో అక్క బల్ల మీద కూర్చుని ఉంది. బావకు ఆ చేతి వేళ్ళేవీ మిగల్లేదని డాక్టరు ఆమెకే చెప్పి వెళ్ళాడు. తిడుతుందనుకున్నాడు, కొడుతుందనుకున్నాడు. కొడితే బావుండునని కూడా అనుకున్నాడు. ఆమె తలెత్తి, "ఏమన్నా తిన్నావురా?" అని అడిగింది. అతనికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

అప్పుడే సూపర్‌వైజరు ఫోను. రేపు రాలేనని చెప్పాడు కంగారు. పిల్లల్ని ఆ బస్సు ఎక్కించవద్దని కాళ్ళావేళ్ళా పడ్డాడు.

"నువ్వు రాకపోతే బస్సు ఆగుతుందా? ఇంకొకణ్ణి పంపుతాను," అని పెట్టేశాడు సూపర్‌వైజరు.

ఆ ఇంకొకడికి ముల్లు సంగతి ఏం తెలుసు? లీకు ఎక్కడో తెలిసినవాడు ఈ లోకంలో ఒక్కడే. వాడిని ఏ ముఖం పెట్టుకుని అడగడం? అడకత్తెరలో పోకచెక్కలా వార్డు గుమ్మంలో ఊగిసలాడి, చివరికి బావ మంచం దగ్గరికి వెళ్ళాడు.

"తప్పు నాదే బావా."

"నా నోటిది రా," అన్నాడు బావ నీరసంగా. "పుట్టిన దగ్గర్నుంచీ లూజు, లూజు అని చచ్చే నోటికి ఇవాళే మంచి తెలుగు రావాలా?"

నవ్వబోయి నొప్పితో మూలిగాడు. కంగారు తల దించుకుని, ఎవరికీ వినపడకూడదన్నట్టు అడిగాడు.

"బావా... ఆ నట్టు ఎక్కడ?"

"సిగ్గుందట్రా నీకు?" అంది వెనకే లోపలికి వచ్చిన అక్క. ఆమె గొంతు లేచింది అదే మొదటిసారి. "మనిషి చెయ్యి పోతే నీకు నట్టు కావాలా?"

"అడగనీవే. పొద్దున పిల్లలెక్కుతారు," అని బావ కళ్ళు మూసుకున్నాడు. "వెనక కుడి చక్రం. బ్రేకు డబ్బాలోకి గొట్టం దిగుతుంది చూడు, అక్కడ. కొంచెం బిగిస్తే చాలు. ఎక్కువైతే నట్టు మర పోతుంది, అప్పుడు గాలి అసలే నిలవదు."

"కొంచెమంటే ఎంత బావా?"

బావ కుడిచెయ్యి పైకెత్తాడు. వేళ్ళతో నట్టు పట్టుకున్నట్టు గాలిలో తిప్పి చూపించాడు. కంగారుకు కనపడింది తెల్లటి కట్టు ఒక్కటే. అది ఎంత తిరిగిందో, అసలు తిరిగిందో లేదో అతనికి తెలియలేదు.

"అంతే. తెలిసిందా?"

"తెలిసింది బావా," అన్నాడు కంగారు.